రెండు సగటుల తేడాకు విశ్వాస అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్: అసలు తేడా ఉండగల విలువల శ్రేణి) కట్టే ముందు జాగ్రత్తలు

☐ అన్నిటికంటే ముందు చూడాల్సింది: శాంపిళ్లు విడివిడివా, జతలా? ఇక్కడ పొరపడితే మిగతా లెక్కంతా వృథా. 'స్టూడెంట్' అనే కలం పేరుతో రాసిన గణాంక శాస్త్రవేత్త గాసెట్ 1908 వ్యాసంలోని నిద్ర డేటానే తీసుకోండి. పదిమంది రోగులు, ఒక్కొక్కరికీ రెండు మందులు. ఒక మందుతో నిద్ర సగటున 0.75 గంటలు పెరిగింది, రెండోదానితో 2.33. తేడా 1.58. జతలుగా లెక్కిస్తే 95% అంతరం 0.70 నుంచి 2.46 వరకు. వేర్వేరు మనుషులనుకుని లెక్కిస్తే అదే డేటాకు −0.21 నుంచి 3.37! మనిషికీ మనిషికీ ఉండే తేడా అందులో కలిసిపోవడమే కారణం.

☐ జతలైతే ముందు తేడాల నిలువు వరస రాసుకోండి. ప్రామాణిక విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) ఆ వరసకే కట్టాలి (ఇక్కడ 1.23). అంతరం వెడల్పు కట్టడానికి వాడే గుణకం, అంటే టీ విలువ, 9 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు (జతల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది) 2.262.

☐ విడి శాంపిళ్లకు వెల్చ్ పద్ధతి వాడండి; అది రెండిటి విస్తృతులూ (వేరియన్స్, అంటే విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సమానమని ఊహించదు. చిన్న శాంపిల్‌కే విస్తృతి ఎక్కువగా ఉన్నప్పుడు విస్తృతులను కలిపేస్తే అంతరం ఉండాల్సినదానికన్నా ఇరుకవుతుంది. గణాంక సాఫ్ట్‌వేర్ ఆర్‌లో వెల్చే డిఫాల్ట్. పైథాన్ లైబ్రరీ సైపైలో సమాన విస్తృతుల ఊహ డిఫాల్ట్, మార్చుకోవాలి.

☐ చిన్న శాంపిలైతే చుక్కల పటం గీయండి. ఒక్క విపరీత విలువ చాలు సగటును లాగేయడానికి.

☐ ఏది లోంచి ఏది తీసేస్తున్నారో, యూనిట్‌తో సహా ముందే రాసిపెట్టండి.

☐ రెండు సగటులకూ విడిగా కట్టిన అంతరాలు ఒకదానిమీదొకటి పడ్డాయని తేడా లేదనకండి. తేడాకు కట్టిన అంతరంలో సున్నా ఉందా అన్నదే చూడాలి.