డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో ఆపితే ఏం చేయాలి, ఏం అడగాలి

రాత్రిపూట బ్యారికేడ్లు కనబడగానే కొందరు తాగకపోయినా టెన్షన్‌తో బండి తిప్పేసి రాంగ్ రూట్‌లో పోతారు. దయచేసి ఆ పని చేయకండి, ఎదురొచ్చేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. ఆగండి.

తాగి నడుపుతున్నారని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, యూనిఫాంలో ఉన్న పోలీసు మిమ్మల్ని ఊదమని అడగొచ్చు, మోటారు వాహనాల చట్టం 203వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. ఊదనని మొండికేస్తే నష్టం మీకే. మీరు తాగారన్న అనుమానం బలంగా ఉంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు, పైగా సరైన కారణం లేని నిరాకరణ కోర్టులో మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది. కాబట్టి ఊదండి, కానీ కొత్త మౌత్‌పీస్ పెట్టమనండి, మెషీన్‌లో వచ్చిన అంకె మీ కళ్లతో చూడండి. పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. అప్పుడే మౌత్‌వాష్ వాడి ఉంటే ఆ మాట చెప్పి, నోరు పుక్కిలించి, పావుగంట ఆగాక మళ్లీ పరీక్ష చేయమని అడగండి.

అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. మహిళ దగ్గర మగ డాక్టరు రక్తం తీసుకుంటుంటే అక్కడ మరో మహిళ తప్పకుండా ఉండాలి.

ఇక బండి సంగతి. చాలామందికి తెలియక నష్టపోయేది ఇక్కడే. తాగి నడిపారన్న ఒక్క కారణంతో వాహనం జప్తు చేసే అధికారం పోలీసులకు లేదని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది. మీ పక్కన తాగనివాళ్లు, లైసెన్సు ఉన్నవాళ్లు ఉంటే బండి వాళ్లకు ఇవ్వాలి, ఎవరూ లేకపోతే ఇంట్లోవాళ్లకో స్నేహితులకో ఫోన్ చేసి పిలిపించుకోవచ్చు. ఎవరూ రాలేకపోతేనే స్టేషన్‌కో దగ్గర్లోని భద్రమైన చోటుకో తీసుకెళ్తారు, ఆర్సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపించి తర్వాత విడిపించుకోవచ్చు. మర్యాదగా, గొంతు పెంచకుండా ఈ తీర్పు గుర్తు చేయండి.

రోడ్డు మీద ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. ఈ కేసు చలానాతో తీరదు, కోర్టుకు వెళ్లాల్సిందే. మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

లైసెన్సు తీసుకుంటే రసీదు అడిగి తీసుకోండి, అది మీ హక్కు. కానీ లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదుతో బండి నడపడానికి లేదు, చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది.