గరుకు పూత కత్తికి పట్టిన జిగురు వదలాలంటే

ఈసీ (ESEE) అనే అమెరికా కంపెనీ కత్తుల్లాంటి వాటికి 1095 అనే రకం కార్బన్ స్టీల్ మీద గరుకు పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో అతికించిన పూత) ఉంటుంది. జిగురు ఆ పూతలోని సన్నని గుంటల్లో దిగుతుంది కాబట్టి గుడ్డతో తుడిస్తే పైపైనే పోతుంది, పైగా నూలుపోగులు అంటుకుంటాయి. టిష్యూ పేపరైతే మరీ అధ్వానం.

ముందు జిగురు ఏదో చూడండి. తుమ్మ జిగురు గోరువెచ్చని నీళ్లకే కరుగుతుంది. పనస పాలకు, టేపు బంకకు కొబ్బరి నూనె రాసి పది నిమిషాలు ఆగాలి. పైన్ చెట్టు జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. ఈ ఆల్కహాల్ సులభంగా అంటుకుంటుంది, పొయ్యి దగ్గర వాడకండి.

కత్తిని చెక్క మీద పడుకోబెట్టి, మెత్తని నైలాన్ టూత్‌బ్రష్‌తో వీపు నుంచి పదును వైపుకే, చిన్న చిన్నగా తోమండి. కరిగిన జిగురును వెంటనే గుడ్డతో అద్ది తీసేయాలి, లేదంటే పక్క గుంటల్లోకి పాకుతుంది. తర్వాత రెండు చుక్కల గిన్నెల సబ్బుతో కడగండి.

అసిటోన్ పూతను మెత్తబరుస్తుంది, స్టీలు పీచు అరగదీస్తుంది, రెండూ వద్దు.

తడి ఆరాక పూత లేని అంచుకు, చెక్కిన అక్షరాలకు పల్చగా మినరల్ ఆయిల్ రాయండి. తుప్పు మొదలయ్యేది అక్కడే.