ఒక్క చిన్న ఆంప్‌లో స్టీల్ గిటార్, పాట: ఎక్కడ తేడా వస్తుంది, ఏం చేయాలి

ల్యాప్ స్టీల్ (తీగల మీద ఇనుప బార్ జార్చి వాయించే గిటార్) ఒళ్లో పెట్టుకుని వాయిస్తూ తామే పాడేవాళ్లు ఆంప్ కొనేటప్పుడు ముందుగా అడిగేది ఎన్ని వాట్లు అని. అంతకన్నా ముందు చూడాల్సింది స్పీకర్. స్టీల్‌కి నప్పే స్పీకర్ వేరు, గొంతుకి నప్పేది వేరు. చిన్న బడ్జెట్‌లో ఒక్క డబ్బాతో రెండు పనులూ జరగాలంటే ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు. గిటార్ వైపు సర్దుకోవడమే మేలని నా అభిప్రాయం. టోన్ కాస్త మారినా చెవి అలవాటు పడుతుంది. పాటలో మాట తెలియకపోతే మాత్రం వినేవాళ్లు పది నిమిషాలు కూడా కూర్చోరు.

ఇంట్లో భజన, చర్చిలో చిన్న కూటం, అపార్ట్‌మెంట్ హాల్లో ముప్పై నలభై మంది ముందు కచేరీ. ఇక్కడ చెప్పేవన్నీ ఆ స్థాయికే. కింద ఒక్కో శీర్షిక ఒక్కో ఇబ్బంది, దాని కింద కారణం, మందు.

పాట దుప్పటి ముసుగులోంచి వచ్చినట్టుంది

మీ దగ్గరున్నది ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ అయి ఉంటుంది. అందులో ట్వీటర్ (సన్నని పైస్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ఉండదు. గిటార్ కోసం చేసిన స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది. గిటార్‌కి అదే అందం, కానీ స, ష, చ లాంటి అక్షరాల స్పష్టత చాలావరకు ఆ పైనే ఉంటుంది. ట్రెబుల్ ఎంత తిప్పినా లాభం లేదు, గరగర పెరుగుతుందంతే.

ట్వీటర్ ఉన్న అకూస్టిక్ ఆంప్ తీసుకోండి. గిటార్‌కి ఒక ఛానెల్, మైక్‌కి ఒక ఛానెల్, రెండింటికీ బేస్, ట్రెబుల్ విడివిడిగా ఉండాలి. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ ఈ కోవలోదే: 60 వాట్లు, 6.5 అంగుళాల వూఫర్ (కింది, మధ్య స్థాయి శబ్దాలు పలికే స్పీకర్), 1 అంగుళం ట్వీటర్. కరెంటు నమ్మకం లేని చోట వాయించేవాళ్లకు రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ ఉంది: 50 వాట్లు, ఎనిమిది ఏఏ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొత్త నాసిరకం డబ్బా కన్నా ఎంతో నయం.

ఇప్పుడు పాట బాగుంది, స్టీల్ చెవిలో గుచ్చుకుంటోంది

ట్వీటర్ వచ్చిందంటే తీగ మీద బార్ జారే చప్పుడు, వేలి పిక్ తగిలే టిక్కు కూడా వినపడతాయి. గిటార్ ఛానెల్‌లో మాత్రమే ట్రెబుల్ తగ్గించండి, ఇంకా ఉంటే గిటార్ మీది టోన్ నాబ్ సగానికి తెండి. మైక్ ఛానెల్ ముట్టుకోవద్దు.

స్వరం ఎత్తుకోగానే బర్రుమంటోంది

స్టీల్ వాయించేవాళ్లు ఆంప్ విషయంలో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మామూలు గిటారిస్టుకి 15 వాట్లు చాలిన గదిలో స్టీల్‌కి చాలవు. కారణం వాల్యూమ్ పెడల్. తీగ మీటేటప్పుడు పెడల్ సగంలో ఉంటుంది. స్వరం సన్నబడుతున్న కొద్దీ కాలితో మెల్లగా నొక్కుతూ పోతే శబ్దం పడిపోకుండా నిలబడుతుంది, ఆ సాగదీతే స్టీల్‌కి ప్రాణం. అంటే ఆంప్‌లో మామూలుగా వాడని బలం కొంత మిగిలి ఉండాలి. అది లేకపోతే పెడల్ నొక్కి ఉండగా రెండు మూడు తీగలు కలిపి మీటగానే పగిలిపోతుంది. అదే స్పీకర్లోంచి గొంతు కూడా పోతోంది కాబట్టి పాట కూడా దానితో పాటే చెడుతుంది.

ముందు గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) తగ్గించి మాస్టర్ (మొత్తం వాల్యూమ్) పెంచి చూడండి. పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం) తీగలకు మరీ దగ్గరగా ఉంటే కాస్త దించండి. అప్పటికీ పోకపోతే వాట్లు చాలడం లేదన్నమాటే. అప్పుడు కూడా 15 నుంచి 30కి వెళ్లి ప్రయోజనం లేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. పాట, స్టీల్ కలిపి వాడేవాళ్లు 50, 60 వాట్లకు తగ్గకపోవడం మంచిది.

సి6 ట్యూనింగ్‌లో (తీగలన్నీ మీటితే సి6 కార్డు పలికే శ్రుతి) ఆరు తీగల ల్యాప్ స్టీల్ అడుగు స్వరం సుమారు 130 హెర్ట్జ్, 6.5 అంగుళాల స్పీకర్ దాన్ని బాగానే పలికిస్తుంది. పెడల్ స్టీల్ (కాళ్ల స్టాండ్ మీద ఉండి, పెడళ్లతో స్వరం మార్చే పెద్ద స్టీల్) సంగతి వేరు. దాని సి6 నెక్ (సి6 శ్రుతిలో ఉండే తీగల వరుస) 65 హెర్ట్జ్ దాకా దిగుతుంది. 12 లేదా 15 అంగుళాల స్పీకర్ లేకుండా ఆ స్వరానికి నిండుదనం రాదు. పీవీ నాష్‌విల్ 112 లాంటివి (80 వాట్లు, 12 అంగుళాలు) స్టీల్ కోసమే చేసినవి. అలాంటిది కొంటే పాటకు ఇంకో చిన్న పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్ ఉన్న స్పీకర్) పెట్టుకోవాల్సిందే.

పెడల్ కొంచెం వదిలితే టోన్ మొద్దుబారుతోంది

తప్పు ఆంప్‌ది కాదు. బ్యాటరీ లేని వాల్యూమ్ పెడల్ పికప్ మీద భారం వేస్తుంది. గిటార్‌కీ పెడల్‌కీ మధ్య ఒక బఫర్ (ఆ భారం పికప్ మీద పడకుండా ఆపే చిన్న సర్క్యూట్ డబ్బా) పెట్టండి.

మైక్ పెట్టినా గొంతు రావడం లేదు

మైక్‌ని గిటార్ జాక్‌లో గుచ్చి ఉంటారు. డైనమిక్ మైక్ (బయటి కరెంటు అక్కర్లేని మామూలు మైక్) ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే, ఆ జాక్‌కి అది చాలదు. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ ఉండాలి. కండెన్సర్ మైక్ అయితే ఫాంటమ్ పవర్ (కేబుల్‌లోంచే మైక్‌కి అందే కరెంటు) కూడా కావాలి. లౌడ్‌బాక్స్ మినీలో అది లేదు, కాబట్టి షూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైక్ వాడండి.

కుయ్యిమని కూత

ఆంప్ మీ వెనక ఉంటే మైక్ దాన్నే వింటుంది. ఆంప్‌ని మైక్ కన్నా ముందుకు, పక్కకు జరపండి. మైక్‌ని పెదవులకు రెండు అంగుళాల దగ్గర పెట్టుకుని వాల్యూమ్ తగ్గించండి. గొంతు మీది రివర్బ్ (ప్రతిధ్వని) కూడా తగ్గించండి. వీటితోనే చాలావరకు ఆగుతుంది.

గుయ్యిమనే హమ్, పెదవికి షాక్

ఈ రెండూ వేరు. ఒళ్లో గిటార్ పక్కకు తిప్పితే హమ్ తగ్గుతోందంటే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్‌నో అడాప్టర్‌నో పట్టుకుంటోంది. దానికి దూరంగా జరిగితే చాలు.

మైక్‌కి పెదవి తగలగానే చురుక్కుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. ఎడమ చేతిలో ఇనుప బార్, దాని కింద ఎర్త్‌కి కలిసిన తీగలు. మైక్ వేరే మిక్సర్‌కి, ఆ మిక్సర్ వేరే సాకెట్‌కి ఉండి, ఎక్కడో ఎర్త్ తెగితే కరెంటు మీ గుండె మీదుగా దారి చూసుకుంటుంది. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించి, అన్నీ ఒకే మూడు పిన్నుల బోర్డు నుంచి తీసుకోండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను తీసేయమని ఎవరు చెప్పినా వినొద్దు.

అమెరికా నుంచి తెచ్చిన ఆంప్ ఆన్ చేస్తే ఫ్యూజ్ పోయింది

అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక రేటింగ్ చదవండి. 100 నుంచి 240 అని ఉంటే నేరుగా పెట్టొచ్చు. 120 అని మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనక రాసిన వాట్ల కన్నా దాని సామర్థ్యం కొంత ఎక్కువగా ఉండేలా కొనండి. ఆ ఖర్చు, బరువు కలుపుకుని చూస్తే చవగ్గా వచ్చిందనుకున్న ఆంప్ చాలాసార్లు చవక కాదు.