'ది బుక్ థీఫ్' మొదట్లోనే ఆపేశారా? ఇలా చదివి చూడండి

మార్కస్ జూసాక్ నవల ఇది, 2005లో వచ్చింది. కొని ముప్పై నలభై పేజీలకే పక్కన పెట్టేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అందరూ చెప్పే కారణం ఒకటే, కథ చెప్పేది మృత్యువు కావడం.

ముందు మన యముణ్ణి, పాశాన్ని, దున్నపోతుని మర్చిపోండి. ఈ మృత్యువు పనితో అలిసిపోయి ఉంటుంది, మనుషుల్ని చూసి జాలిపడుతుంది, ప్రాణం తీసుకెళ్లేటప్పుడు ఆకాశం ఏ రంగులో ఉందో గమనిస్తుంది. అందుకే మొదట్లో తెలుపు, నలుపు, ఎరుపు అంటూ ముక్కలు ముక్కలుగా ఏదో చెప్తుంది. అర్థం కాకపోయినా ఆగకండి, 1939 జనవరిలో లీజెల్ అనే పిల్ల జర్మనీలోని హిమ్మెల్ వీధికి చేరేదాకా చదువుతూ పోండి.

అక్కడి నుంచి మాత్రం నెమ్మదిగా. దారిలో తమ్ముడు చనిపోయాడు, వాణ్ణి మంచులో పూడ్చిన చోట దొరికిన పుస్తకం ఆ పిల్ల దాచుకుంది. తీరా చూస్తే అది సమాధులు తవ్వేవాళ్ల కోసం రాసింది, పైగా తనకి చదవడమే రాదు. పెంచుకున్న నాన్న హాన్స్ ఇళ్లకి రంగులేసే మనిషి, రాత్రి పీడకలతో లేచిన పిల్ల పక్కన కూర్చుని సాండ్‌పేపర్ వెనకవైపు అక్షరాలు రాసి నేర్పుతాడు. నాకు ఈ నవలంతా ఆ మంచం దగ్గరే ఉందనిపిస్తుంది.

జర్మన్ తిట్లకి డిక్షనరీ వెతకొద్దు. 'జౌమెన్ష్' అంటే పందీ అని తిట్టడమే, కానీ లీజెల్‌ని పెంచుకున్న అమ్మ రోజా నోట్లో అది ముద్దుపేరు.

ఎవరు పోతారో మృత్యువు మధ్యలోనే చెప్పేస్తుంది, సస్పెన్స్ పోయిందని కోపం తెచ్చుకోకండి. తెలిసిపోయింది కాబట్టే ఆ తర్వాత వాళ్లు తాగే పల్చటి సూపూ, ఆడే ఫుట్‌బాలూ అంత దగ్గరగా చూస్తాం.

వీలైతే అచ్చు పుస్తకమే తీసుకోండి. హాన్స్ ఇంటి బేస్‌మెంట్‌లో దాక్కున్న యూదు యువకుడు మాక్స్, హిట్లర్ పుస్తకం పేజీలకే తెల్ల రంగేసి లీజెల్ కోసం బొమ్మల కథ రాస్తాడు, రంగు కింద నుంచి పాత అక్షరాలు లీలగా కనిపిస్తుంటాయి. నేను మొదటిసారి ఫోన్‌లో చదివి అది గమనించనే లేదు.

చివరి భాగాన్ని సెలవు రోజుకి ఉంచుకోండి. అయిపోగానే మళ్లీ మొదటి పేజీలు తిప్పండి, ఆ మూడు రంగులూ ఎవరివో ఈసారి తెలుస్తుంది.