పండుగ కార్డులు హైరానా పడకుండా పంపడం ఎలా?

పండుగ దగ్గరపడే కొద్దీ కొందరి ముఖాల్లో కళ తప్పుతుంది. ఏమిటని అడిగితే, ‘ఇంకా కార్డులు పంపలేదు’ అంటారు. ఎవరూ పురమాయించని పని, ఎవరూ జీతమివ్వని పని, దానికి ఇంత ఆదుర్దా! చాలా ఏళ్లుగా గ్రీటింగ్ కార్డులు రాస్తున్నాను, అంతకంటే ఎక్కువే అందుకున్నాను. వచ్చినవాటిలో సగానికి పైగా తెరవగానే తెలిసిపోతుంది, పంపినవారు ఆ పని వదిలించుకున్నారని. అచ్చులో నాలుగు పంక్తులు, కింద పోల్చుకోలేని సంతకం. దానికి అంటించిన స్టాంపు దండగ.

కార్డులు రాయడం కష్టమేమీ కాదు. పేర్లు ఎక్కువైనందువల్ల, అన్నీ చివరి వారానికి పెట్టుకున్నందువల్ల కష్టమవుతుంది. కాబట్టి మొదట చేయాల్సింది కార్డులు కొనడం కాదు, పేర్లు కొట్టేయడం.

జాబితా

ఒక కాగితం మీద తోచిన పేర్లన్నీ రాయండి. తర్వాత ఒక్కో పేరు దగ్గర ఆగండి. ఈ ఏడాది ఆ మనిషి విషయంలో జరిగినదేదైనా, మీ ఇద్దరి మధ్య నడిచినదేదైనా తడుముకోకుండా చెప్పగలరా? చెప్పగలిగితే పేరు ఉంచండి, లేకపోతే కొట్టేయండి. పాతిక పేర్లు దాటకూడదు. ముప్పై పెట్టుకుంటానంటే మీ ఇష్టం, కానీ చివరి ఐదింటిలో మీ చేతిరాత ఎలా ఉంటుందో నేను ఇప్పుడే చెప్పగలను.

‘పోయినేడాది వాళ్లు పంపారు, ఈసారి మనం పంపకపోతే బాగుండదు’ అనే లెక్క దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. అవతలివారూ సరిగ్గా అదే లెక్కతో పంపి ఉంటారు. ఇష్టం లేని ఇద్దరు ఏటేటా ఒకరికొకరు అట్టముక్కలు పంపుకుంటూ ఉంటారు. ఎవరో ఒకరు ఆపాలి, ఆ పుణ్యం మీరే కట్టుకోండి. వ్యాపారం కోసం, ఉద్యోగం కోసం పంపాల్సినవి ఉంటే వాటిని ఆఫీసు చూసుకుంటుంది. ఇంటి జాబితాలో కలపకండి.

జాబితా తేలాక దాన్ని గీతల నోటుపుస్తకంలోకి ఎక్కించండి. పేరు, చిరునామా, పంపిన తేదీ, చివరి గడిలో ‘ఏం రాశాను’ అన్నది. అందరూ చిరునామాల దగ్గరే ఆగిపోతారు, నిజానికి పనికొచ్చేది ఆ చివరి గడి. నాలుగు మాటలు చాలు: ‘మోకాలి ఆపరేషన్, కొత్త కళ్లజోడు’. వచ్చే ఏడాది అదే మనిషికి అదే విషయం మళ్లీ రాయకుండా అది కాపాడుతుంది. ఈ పని ఫోనులో కూడా చేయవచ్చంటారు. చేసుకోండి, నేను మాత్రం పుస్తకమే అంటాను.

పండుగకు ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. విదేశాలకు వెళ్లేవి ముందు రాసి, కనీసం నాలుగు వారాల ముందు పోస్టు చేయాలి. ఏడాది చివర తపాలా రద్దీ పెరుగుతుంది కనుక చాలా దేశాల తపాలా శాఖలు ‘ఈ తేదీలోగా ఇస్తేనే పండుగకు అందుతుంది’ అని ముందుగానే ప్రకటిస్తాయి. ఆ తేదీకి వారం ముందే మీ గడువు ముగిసిందనుకోండి.

సామగ్రి

మధ్యకు మడిచే కార్డు, మడిచాక 105 బై 148 మిల్లీమీటర్లు ఉండేది. కాగితం కొలతల్లో దాన్ని ఏ6 అంటారు. దానికి సరిపోయే కవరు సీ6, అంటే 114 బై 162 మిల్లీమీటర్లు. లోపల ఖాళీగా ఉండాలి, నున్నటి పూత ఉండకూడదు, ఉంటే సిరా ఆరదు. మెరుపు పొడి చల్లినవి వద్దు, అది తెరిచినవారి చేతులకు, బట్టలకు, సోఫాకు అంటుకుని తర్వాతి పండుగ దాకా వదలదు. చతురస్రంగా ఉండే కవర్లూ వద్దు. ఉత్తరాలు వేరుచేసే యంత్రాలకు అవి ఇబ్బంది కాబట్టి కొన్ని దేశాల్లో వాటికి అదనపు రుసుము పడుతుంది. పెన్ను నీలిరంగు బాల్‌పాయింట్. నల్ల సిరా దూరం నుంచి అచ్చులా కనిపిస్తుంది, జెల్ పెన్ను చేయి తగిలితే పులుముకుపోతుంది. సామగ్రి ఇంతే.

లోపల రాయడం

అసలు చిక్కంతా ఇక్కడే. మిగతా పనులన్నీ ఎవరైనా చేస్తారు.

కార్డు తెరవగానే కనిపించే తెల్లటి చోటును చూసి భయపడి, చేయి దానంతటదే ఒక వాక్యం మొదలుపెడుతుంది: ‘మీకు, మీ కుటుంబ సభ్యులందరికీ ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ...’ అక్కడే ఆపండి. ఆ వాక్యంలో తప్పు లేదు. కానీ అది ఎవరికైనా సరిపోతుంది, మీ ఇంటి కరెంటు మీటరు చూడడానికి వచ్చే మనిషికి కూడా. పాతికమందికి పాతికసార్లు దాన్నే రాస్తూ పోతే ఆరో కార్డుకు విసుగు, పదో కార్డుకు మెడనొప్పి. పండుగ కార్డులంటే హైరానా అని ఎవరైనా అంటే, వాళ్లు ఈ వాక్యాన్నే ఎత్తి రాస్తున్నారని అర్థం.

పద్ధతి ఇది. పైన ఆ మనిషిని మీరు ఏమని పిలుస్తారో అదే రాయండి. నోటితో ఎప్పుడూ అనని ‘ప్రియాతి ప్రియమైన’ కాగితం మీద కూడా వద్దు. మొదటి వాక్యం వాళ్ల గురించి ఉండాలి. రెండోది మీ గురించి ఉండవచ్చు, కానీ మొదటిదానితో ముడిపడి ఉండాలి. మూడోది శుభాకాంక్ష, పొట్టిగా. తర్వాత మీ పేరు, సంతకం కాదు, చదవగలిగే పేరు. ఉదాహరణకు:

‘పిన్నీ, నువ్వు ఇచ్చిన మొక్క మొత్తానికి మొగ్గ తొడిగింది. రెండు కుండీలు మార్చాక గానీ దానికి మా ఇల్లు నచ్చలేదు. పండుగకు నీ ఇల్లు కళకళలాడాలి. — రాధ’

మూడు చిన్న వాక్యాలు. పిన్నికి తప్ప ఇంకెవరికీ పంపలేని కార్డు. ఇలాంటిది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది, రాస్తున్నప్పుడు మీకే చిన్నగా నవ్వు వస్తుంది. ఆ నవ్వు రాలేదంటే ఆ పేరు జాబితాలోకి పొరపాటున వచ్చిందేమో చూసుకోండి.

ఇక జాగ్రత్తలు. ‘నువ్వసలు ఫోన్ చేయడం మానేశావు’ లాంటి నిష్ఠూరాలు వద్దు. సరదాకు అన్నా, కాగితం మీద సరదా కనబడదు. కార్డు నెలరోజులు అలమరా మీద నిలబడి ఉంటుంది, ఆ నెలంతా మీ నిష్ఠూరమూ అక్కడే నిలబడి ఉంటుంది. జవాబు కోరే ప్రశ్నలు వద్దు, అవతలివారికి కొత్తగా ఒక బాకీ పెట్టినట్టు అవుతుంది. ‘త్వరలో తప్పక కలుద్దాం’ అని తేదీ లేకుండా రాయకండి, పోయినేడాదీ అదే రాసి ఉంటారు, నోటుపుస్తకం చూసుకోండి. మీ జబ్బుల జాబితా, పిల్లల మార్కుల జాబితా రెండూ వద్దు. అవతలివారు ఆ పండుగ చేసుకోరని తెలిస్తే పండుగ పేరెత్తకుండా కొత్త సంవత్సరానికి రాయండి.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారికి రాసేటప్పుడు. చాలామంది ఏం రాయాలో తెలియక వాళ్ల పేరు నిశ్శబ్దంగా వదిలేస్తారు. ప్రతి ఏడూ వచ్చే కార్డు సరిగ్గా ఆ ఏడాదే రాకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. ఇంకొందరు ఏమీ జరగనట్టు అందరికీ పంపే రంగురంగుల కార్డే పంపుతారు, లోపల ‘ఆనందం వెల్లివిరియాలి’ అని. అదీ తగదు. ఇటువంటి వారికి బొమ్మలు తక్కువగా ఉన్న సాదా కార్డు ఎంచుకోండి. కవరు మీద పాత అలవాటు కొద్దీ ఇద్దరి పేర్లూ రాయకుండా, మొదట నోటుపుస్తకంలో దిద్దుకోండి. లోపల, పోయినవారి పేరు ఎత్తడానికి వెనుకాడకండి. ‘బాబాయి గారు రైలెక్కగానే అందరి సామానూ లెక్కపెట్టేవారు. ఈ ఏడాది ప్రయాణమైన ప్రతిసారీ ఆయనే గుర్తొచ్చారు. ఈ పండుగ మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. బదులు రాయాల్సిన పని లేదు.’ ఈ ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. శుభాకాంక్షలు అన్న మాట అక్కడ అవసరం లేదు. ఈ కార్డును మిగతావాటితో కలిపి రాయకండి, ఒక రోజు దీనికే ఉంచండి.

చిత్తు కాపీ రాయాలా అని అడుగుతారు. వద్దు. చిత్తు రాసి చూసి ఎక్కించిన వాక్యం బిగుసుకుపోతుంది. చెప్పాల్సిన విషయం మనసులో అనుకుని, పెన్ను పెట్టి రాసేయండి. ఒక మాట తప్పుపోతే ఒక గీత కొట్టి ముందుకు సాగండి, వైట్నర్ పూయకండి. కుడివైపు అరలోనే రాయండి, ఎడమవైపు ఖాళీగా వదిలేయండి. పేజీలో మూడో వంతు దిగాక మొదలుపెడితే నాలుగైదు పంక్తులకే నిండుగా కనిపిస్తుంది. ఒక విడతకు ఐదు కార్డులు, ఆరోది రేపే. పాతిక కార్డులు ఐదు సాయంత్రాల్లో అయిపోతాయి. ఆదివారం ఒక్కరోజే కూర్చుని అన్నీ తేల్చేస్తామనే వీరులు మధ్యాహ్నానికి ఆ ‘ఆయురారోగ్య’ వాక్యానికే తిరిగి వస్తారు.

ఇంత శ్రమ ఎందుకు, అచ్చు మాటలున్న కార్డు కొనుక్కుంటే పోలేదా అనేవారికి ఒక సంగతి చెప్పాలి. వ్యాపార స్థాయిలో అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే అధికారి రాయాల్సిన ఉత్తరాలు కుప్పపడి, అన్నిటికీ సమయం చాలక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి దాదాపు వెయ్యి కార్డులు అచ్చు వేయించాడంటారు. ఎవరికి, ఎవరి నుంచి అన్న రెండు ఖాళీలు మాత్రం నింపుకోవాలి. ఒక్కోటి ఒక షిల్లింగు. అంతకు మూడేళ్ల ముందే, 1840లో, బ్రిటన్‌లో దూరంతో పని లేకుండా మామూలు ఉత్తరానికి ఒక పెన్నీ చాలనే ఏర్పాటు వచ్చింది, దాన్ని నడిపించినవారిలో కోల్ కూడా ఉన్నాడు. పోస్టు చవకయింది, ఉత్తరాలు పెరిగాయి, రాసే చేయి మాత్రం ఒకటే. అంటే అచ్చు కార్డు పుట్టిందే పని తగ్గించుకోవడానికి. మరి ఇప్పుడు అచ్చు కార్డులే కొంటూ జనం ఇంతగా అలసిపోతున్నారంటే, ఎక్కువైంది రాత కాదు, పేర్లు.

ఏడాది విశేషాలన్నీ రెండు పేజీల్లో టైపు చేసి, నకళ్లు తీసి అందరికీ పంపేవారి గురించి మాట్లాడాలంటే నాకు ఓపిక లేదు. వాట్సాప్‌లో దీపాల బొమ్మ పంపితే సరిపోదా అంటే, సరిపోతుంది, అది వేరే పని. జాబితాలోంచి కొట్టేసిన పేర్లన్నిటికీ అలాగే పంపుకోండి.

కవరు, చిరునామా

కార్డు కంటే ముందు కవరు రాయాలి. కార్డులన్నీ రాసేసి, చివర కవర్లు వరసగా పెట్టుకునేవారు ఒకరి కార్డు మరొకరి కవర్లో పెట్టేస్తారు. అచ్చు మాటలైతే ఎవరికి వెళ్లినా నష్టం లేదు. మనం రాసేవి అలాంటివి కావు కదా, పిన్ని మొక్క సంగతి ఇంజినీరు గారికి చేరితే ఆయన ఏమనుకోవాలి? కవరు రాసి, కార్డు రాసి, సిరా ఆరేదాకా తెరిచి ఉంచి, ఆ కవర్లోనే పెట్టి, అప్పుడే తర్వాతి కవరు ముట్టుకోండి. అంటించడం ఆ రోజు కార్డులన్నీ అయ్యాక ఒకేసారి, మళ్లీ ఒకసారి పేర్లు సరిచూసుకుని. జిగురును నాలుకతో తడపకండి, తడి స్పాంజి ముక్క ఉంటుంది.

చిరునామా విడివిడి అక్షరాలతో, పిన్‌కోడ్‌తో సహా రాయండి. విదేశాలకైతే చివరి పంక్తిలో దేశం పేరు ఒక్కటే, ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో. మీ చిరునామా వెనుక తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే చేరని కవరు తిరిగి రాదు. చిరునామా మారిందేమో అని గ్రూపులో అందరినీ ఒకేసారి అడగకండి. సగంమంది బదులివ్వరు, మిగతా సగం కార్డు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు.

బరువు, పోస్టు

300 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) అట్టతో చేసిన ఏ6 కార్డు సుమారు 9 గ్రాములు, కవరు మరో 4 లేదా 5. ఉత్తరాలకు తొలి బరువు అంచె చాలా దేశాల్లో 20 గ్రాములే, కాబట్టి పోస్టుకార్డు సైజు ఫొటో ఒకటి జతచేసినా గట్టెక్కుతుంది. రెండు ఫొటోలైతే దాటే ప్రమాదం ఉంది. అన్నీ పెట్టిన ఒక కవరును పోస్టాఫీసులో తూయించి, మిగతావాటికి అదే స్టాంపు అంటించండి. స్టాంపు తక్కువైతే చాలాచోట్ల ఆ తేడా అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారు. శుభాకాంక్షలకు డబ్బు కట్టించుకున్నట్టు ఉంటుంది.

ఏ రోజు రాసినవి ఆ మర్నాడే డబ్బాలో వేసేయండి. గడువు దాటిపోయిన పేర్లు మిగిలితే క్షమాపణలతో నింపకుండా కొత్త సంవత్సరం కార్డు రాయండి, జనవరి నెలంతా అది చెల్లుతుంది. తిరిగి వచ్చిన కవరు దొరికితే ముందు నోటుపుస్తకంలో ఆ చిరునామా కొట్టేసి, తర్వాతే ఫోన్ చేయండి.

జాబితాలో లేనివారి నుంచి కార్డు వస్తే కంగారుగా కార్డు వెతకకండి. ఫోన్ చేసి, అందులో వాళ్లు రాసిన మాట ఒకటి ప్రస్తావించి, బాగుందని చెప్పండి. ఉత్త సంతకమే ఉంటే, అందిందని చెప్పండి చాలు.