జపానులో ఇంగ్లిషు మాటను జపనీసు మాత్రలలో పలకండి

జపానులో నివసించే ఇంగ్లిషు మాతృభాషీయులు దుకాణంలో తమ సొంత మాటనే తమకు అలవాటైన యాసలో పలికినా ఎదుటివారికి అర్థం కాకపోవడం తరచుగా జరుగుతుంది. అలాంటప్పుడు గొంతు పెంచడం కంటే, ఆ మాటను విదేశీ మాటలకు జపనీసులో వాడే కటకానా లిపిలో రాసినట్టు ఊహించుకొని, ఒక్కో అక్షరానికి సమానమైన కాలం ఇస్తూ పలకడం మేలు. ఇంగ్లిషులో స్ట్రైక్ ఒక్క ఊపులో ముగుస్తుంది, జపనీసులో మాత్రం అది 'సు-తొ-ర-ఇ-కు' అని అయిదు మాత్రలుగా సాగుతుంది. బస్‌ను బస్సుగా, రోడ్‌ను రోడ్డుగా మలచుకున్న మన తెలుగువారికి ఈ పద్ధతి సులభంగానే పట్టుబడుతుంది.

దీర్ఘాల విషయంలో మాత్రం ఎక్కువ శ్రద్ధ అవసరం, ఎందుకంటే 'బీరు' అంటే తాగే బీరు, 'బిరు' అంటే భవనం. తొందరలో దీర్ఘాన్ని మింగేస్తే, తెచ్చిపెట్టమని అడిగింది భవనాన్ని అవుతుంది.

ఉచ్చారణ కుదిరాక కూడా అర్థం వేరుగా ఉండవచ్చు. 'కొన్‌సెంతొ' అంటే సమ్మతి కాదు, గోడకుండే ప్లగ్ సాకెట్. 'మన్‌షొన్' అంటే మహా భవంతి కాదు, మామూలు అపార్ట్‌మెంటు. 'సాబిసు' (ఇంగ్లిషు సర్వీస్) అని దుకాణదారు ఏదైనా చేతికిస్తే దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. వీటిని చెడిన ఇంగ్లిషుగా వినడం అన్యాయమని నా అభిప్రాయం, ఇవి పూర్తిగా జపనీసు మాటలైపోయాయి. హోటలులో సర్వర్ మన ఆర్డరును తిరిగి చదివేటప్పుడు దీర్ఘం ఎక్కడ నిలిపారో విని, వెంటనే అదే తీరులో ఒకసారి పలికి చూడండి.