బరువు తక్కువ టెలి లెన్స్ కావాలా? ఫ్రెనెల్ గ్లాసు సంగతి తెలుసుకొని కొనండి

పానగల్లు ఉదయ సముద్రం చెరువు దగ్గరో, కోయిల్‌సాగర్ దగ్గరో పక్షుల కోసం పొద్దంతా పెద్ద జూమ్ మోసేవాళ్లకు భుజం నొప్పి సంగతి చెప్పక్కర్లేదు. నికాన్ 200-500 ఎంఎం జూమ్ కాలర్‌తో (ట్రైపాడ్‌కు బిగించే పట్టీ) కలిపి 2.3 కిలోలు. అదే కంపెనీ 2018లో తెచ్చిన 500 ఎంఎం ఎఫ్/5.6 పీఎఫ్ (ఫేజ్ ఫ్రెనెల్, అంటే లోపల ఫ్రెనెల్ గ్లాసు ఉన్న లెన్స్) కిలోన్నర కూడా లేదు. 300 ఎఫ్/4 అయితే ఇంకా ఆశ్చర్యం, పాతది 1,440 గ్రాములు, 2015లో వచ్చిన పీఎఫ్ 755 గ్రాములే.

ఈ బరువు ఎలా తగ్గిందో ముందు తెలియాలి. మామూలు గ్లాసు నీలం కాంతిని ఎక్కువ వంచుతుంది, ఎరుపును తక్కువ, అందుకే అంచుల్లో రంగులు విడిపోతాయి, వాటిని మళ్లీ కలపడానికి లోపల బరువైన గ్లాసులు పేర్చాల్సి వస్తుంది. సన్నటి వలయాలు చెక్కిన ఈ ఫ్రెనెల్ గ్లాసు దీనికి సరిగ్గా రివర్స్, ఎరుపునే ఎక్కువ వంచుతుంది. రెండూ కలిస్తే తప్పు తప్పుతో కొట్టుకుపోతుంది, కొన్ని గ్లాసులు తీసేయొచ్చు. అలాగని పుస్తకాలు చదివే ప్లాస్టిక్ ఫ్రెనెల్ షీటు కొని లెన్స్ ముందు అంటించకండి, దాని గీతలు చాలా మోటు, బొమ్మ మసకబారుతుంది.

కొనేటప్పుడు పేరు చూడండి: ఇలాంటి గ్లాసు ఉంటే నికాన్‌లో పీఎఫ్, కెనాన్‌లో డీఓ (డిఫ్రాక్టివ్ ఆప్టిక్స్) అని ఉంటుంది. డీఓ లెన్స్ ముందు భాగంలో పచ్చ గీత ఉంటుంది. జూమే కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో 2004 నాటి కెనాన్ 70-300 డీఓ దొరకొచ్చు, కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అది 720 గ్రాములు, ఈ గ్లాసు లేని మామూలు కెనాన్ 70-300 ఐఎస్ 630 గ్రాములే! అందులో తగ్గింది పొడవు, 14 సెంటీమీటర్ల లెన్స్ 10కి వచ్చింది. చిన్న బ్యాగులో పట్టాలంటే అది సరే, భుజం తేలికపడాలంటే మాత్రం పైన చెప్పిన పీఎఫ్‌ల లాంటి, జూమ్ కాని ఫిక్స్‌డ్ లెన్సే తీసుకోండి. చెరువు పక్షులకు ఎలాగూ జూమ్ చివరి కొసలోనే ఉంటాం కదా.

డబ్బులు ఇచ్చే ముందు ఎదురు వెలుగులో తీసి చూడాలి, ఇది మాత్రం వదలొద్దు. చీకటి గదిలో ఫోన్ టార్చ్ వెలిగించి ఫ్రేమ్ మధ్యలో, తర్వాత మూలన పెట్టి తీయండి. దీపం చుట్టూ రంగురంగుల వలయం వస్తుంది, అది ఈ గ్లాసు స్వభావం, చెడిపోయినట్టు కాదు. ముందు గ్లాసులోకి వంగి చూస్తే కనిపించే సన్నటి వలయాలు కూడా గీతలు కావు. ఫంగస్, మసక ఉంటే మాత్రం వదిలేయండి.

ఇక ఫీల్డులో హుడ్ (లెన్స్ ముందు పెట్టే నీడ గొట్టం) తియ్యొద్దు. సాయంత్రం చెరువుకు పడమటి పక్కన నిలబడండి, పొద్దు వీపు వెనక ఉంటుంది. తూర్పు గట్టు నుంచి తీస్తే నీళ్ల మీద తళుక్కుమనే ప్రతి చుక్కా వెనకాల ఉల్లిపాయ పొరల్లా గుండ్రాలు వేస్తుంది, అంత దూరం మోసుకెళ్లి అలాంటి బొమ్మ తెచ్చుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. తప్పనిసరై ఎదురు వెలుగులో తీస్తే రా ఫైల్‌లోనే (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి, నికాన్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్ఎక్స్ స్టూడియోలో పీఎఫ్ ఫ్లేర్ కంట్రోల్ అని ఉంటుంది, దీపం చుట్టూ వచ్చే ఆ రంగు వలయాన్ని కొంతవరకు తగ్గిస్తుంది. కెనాన్ 70-300 డీఓ బొమ్మలకు ఎడిటింగ్‌లో జర కాంట్రాస్ట్ పెంచితే చాలు.